బహ్రెయిన్‌కు మోసుకెళ్ళిన ఎనిమిదో గంట

బహ్రెయిన్ వెళ్ళొచ్చానని తెలియగానే మా వీధిలో అందరూ అడిగింది ఒక్కటే, ఏం తెచ్చావని. ఖర్జూరాలు తెచ్చాను. పంచడం మొదలుపెట్టిన పూటకే అయిపోయాయి. నిజానికి చెప్పుకోదగ్గది నేను తెచ్చింది కాదు, తీసుకెళ్ళింది. పాత పంచెలో చుట్టి, చేతి సంచిలో పెట్టుకుని, కొబ్బరిబోండమంత కంచు గంటని సముద్రం దాటించాను.

మాది పెనుగొండ దగ్గర కంచరి కుటుంబం. మా పెదనాన్న గంటలు పోసేవాడు. గుడికైనా చర్చికైనా ఒకే మట్టి, ఒకే మైనం, ఒకే కొలిమి. నేను మాత్రం చదువుకుని తెలుగు పంతులునయ్యాను. సెలవుల్లో పెదనాన్న పక్కన కూర్చుని గంటలకు శ్రుతి చేయడం నేర్చుకున్నాను, అదీ సగమే. ఈ సగం సంగతి ముందే చెప్పేయడం మంచిది. అక్కడికి వెళ్ళాక చెప్పుకోలేకపోయాను.

బహ్రెయిన్‌లో పనిచేసే మన ప్రాంతపు ఇంజనీరొకాయన అక్కడి చర్చికని అడిగితే పెదనాన్న తన చివరి రోజుల్లో ఎనిమిది గంటల వరస పోసిచ్చాడు. కింది స నుంచి పై స దాకా, బిందెంత గంట నుంచి బోండమంత గంట దాకా. ఆ చర్చిలో హాలుకు రంగులు వేస్తున్నప్పుడు వాటిలో చిన్నది జారిపడి పగిలింది. పగిలిన కంచు మోగదు, దగ్గుతుంది. ఎన్నో ఏళ్ళ తర్వాత ఆ జాగాలోకి ఇంకొకటి కావాలని మాకు కబురొచ్చింది. పెదనాన్న కొడుకు సత్యం పోశాడు. గోడ కాస్త మందంగా ఉంచాడు. గంటని లోపలి నుంచి తొలిచేకొద్దీ స్వరం కిందికి దిగుతుంది కనుక, ఆ చివరి తొలుపు అక్కడే, పాత గంటలతో పోల్చుకుంటూ చేయాలి. సత్యానికి పాస్‌పోర్టు లేదు. శ్రీలంక యాత్రకని తీసుకున్నది నా దగ్గరుంది. నేనున్నాగా అన్నాను.

సత్యం నా ముఖంకేసి చూసి, "అన్నయ్యా, పాతవాటిలో ఒకదాన్ని పక్కన వేలాడదీసుకుని చెయ్యి. ఇంక దేన్నీ నమ్మకు" అన్నాడు. తమ్ముడు అన్నకు చెప్పే మాటా ఇది అనుకున్నాను.

ముహర్రక్

విమానం దిగేది ముహర్రక్‌లో. అదొక దీవి. వంతెన దాటితే మనామా. నా సంచి పెట్టెలు చూసే మిషన్లోకి వెళ్ళి అక్కడే ఆగిపోయింది. లోపల డొల్లగా, బరువుగా, చుట్టూ గుడ్డ చుట్టిన లోహం కనిపిస్తే ఎవరైనా ఆపుతారు. తెల్ల చొక్కా వేసుకున్న కుర్ర అధికారి పంచె విప్పమన్నాడు. ఏమిటిదని అడిగాడు. నాకొచ్చిన ఇంగ్లీషు ఆ క్షణాన రాకుండాపోయి, చెప్పడానికి బదులు మోగించాను.

ఆ హాలంతా తలతిప్పింది. వరసలో నిలబడ్డ నర్సులు, దుప్పట్ల మూటలు మోస్తున్న కూలీలు, ఏడుస్తున్న ఓ పసిపిల్ల, అందరూ ఊరుకున్నారు. ఎక్కడికని అడిగితే చర్చికన్నాను. అతను నా నుదుటి బొట్టు చూశాడు, గంట చూశాడు, మళ్ళీ బొట్టు చూశాడు. పక్కవాడితో అరబ్బీలో ఏదో అన్నాడు, ఇద్దరూ నవ్వారు. పంచె మళ్ళీ చుట్టడానికి తనే ఒక కొస పట్టుకుని "యల్లా" అన్నాడు. బయల్దేరవయ్యా అని. ఆ మాట నాకు అక్కడున్నన్నాళ్ళూ పనికొచ్చింది.

మహూజ్

నాకు బస ఇచ్చినవాడు డేవిడ్ రాజు. పాలకొల్లు మనిషి, ఏసీలు బాగుచేసే కంపెనీలో సూపర్‌వైజరు, ఆ చర్చిలో తెలుగువాళ్ళ సహవాసానికి పెద్ద. మహూజ్‌లో అపార్టుమెంటు. అతను, మరో ముగ్గురు కలిసి వండుకుంటారు. ఆ పూట సాఫీ అనే చేపతో పులుసు పెట్టాడు. చింతపండు మనదే, చేప వాళ్ళది. మా గోదావరి చేప కంటే గట్టి కండ, ముల్లు తక్కువ. బాగుందని ఒప్పుకోవడానికి మనసు రాలేదు గాని మూడోసారి అన్నం పెట్టించుకున్నాను.

వీధిచివర తందూరు కొట్టులో రొట్టె వేడివేడిగా వార్తాపత్రికలో చుట్టి ఇస్తారు. ధర ఫిల్సుల్లో చెబుతారు. దినారంటే వెయ్యి ఫిల్సులు. మన రూపాయి నూరు పైసలతో ఆగిపోతే వీళ్ళది వెయ్యిదాకా పోతుంది. వంద ఫిల్సులనగానే వంద రూపాయలనుకుని నేను బేరమాడాను. కొట్టువాడు జాలిపడి ఇంకో రొట్టె వేశాడు.

శుక్రవారం అనే ఆదివారం

అక్కడ సెలవు శుక్రవారం గనుక చర్చీలకూ అదే ఆదివారం. హాలు ఒక్కటే, భాషలు చాలా. పొద్దున మలయాళం, తర్వాత తమిళం, ఆపైన ఫిలిప్పీన్స్ వాళ్ళు, మధ్యాహ్నం తెలుగు. ఒకరు వెళుతుండగా ఇంకొకరు వస్తుంటారు. మనవాళ్ళు గుమ్మం బయట చెప్పులు విడుస్తారు, మిగతావాళ్ళు విడవరు. ఆ రద్దీలో నా చెప్పులు ఎవరి కాళ్ళనో వెళ్ళిపోయాయి. నేను రెండు వేర్వేరు ఎడమకాలి చెప్పులతో మహూజ్ చేరాను.

గంటలు పక్క వరండాలో, గోడకి ఎత్తున ఇనప చట్రానికి వేలాడుతున్నాయి. ఒక్కో గంట నాలుక నుంచి ఒక్కో తాడు కిందికి దిగుతుంది. తాళ్ళు లాగి వాయించేది మరియమ్మ. రాజోలు దగ్గరి మనిషి, అక్కడో ఇంట్లో పనిచేస్తుంది. మనిషి పొట్టి, భుజాలు వెడల్పు, తాడు పట్టుకుంటే చేతికొక ఠీవి వస్తుంది. ఆరాధన మొదలయ్యే ముందు గంటలమీద ఒక పాట వాయిస్తారు. అప్పుడు కీబోర్డు గాని, గొంతు గాని కలవకూడదని రివాజు. గంటలయ్యాకే మిగతావన్నీ.

కలవకూడదన్న మాటేగాని, కలుపుతారు. ఆ పాటలో ప్రతి చరణమూ చివర పై స దాకా ఎక్కుతుంది. అక్కడ గంట లేదు కదా. మరియమ్మ ఏడో గంట మోగించి చెయ్యి ఖాళీలోకి ఎత్తగానే హాల్లో ఉన్నవాళ్ళంతా ఒక్క గొంతుతో "టంగ్" అన్నారు. ముసలివాళ్ళు, కూలీల క్యాంపుల నుంచి బస్సులో వచ్చిన కుర్రాళ్ళు, ఒళ్ళో పిల్లల్ని పెట్టుకున్న తల్లులు, అందరూ. ఎవరూ నవ్వలేదు. పళ్ళెంలో పప్పు పక్కన ఆవకాయలా అది వాళ్ళకి మామూలైపోయింది. నేనొక్కణ్ణే నవ్వాపుకోలేక స్తంభం చాటుకి వెళ్ళాను.

తర్వాత పలకరిస్తే మరియమ్మ చెప్పింది. తను వచ్చేనాటికే చిన్న గంట పగిలిపోయిందట. ఎనిమిదీ కలిసి మోగగా ఎన్నడూ వినలేదట.

"ఇంకొక్క శుక్రవారమేనండి నాకు. మర్నాడే ఫ్లైటు, ఇంక తిరిగి రాను. ఎనిమిదీ ఒక్కసారి వాయించి పోతే చాలండి మాస్టారూ."

"వాయిస్తావమ్మా" అన్నాను, మంత్రిగారిలా.

మనామా బజారు

మధ్యలో దొరికిన రోజుల్లో తిరిగాను. బాబ్ అల్ బహ్రెయిన్ వెనక సందుల్లో మనవాళ్ళ పూలకొట్టు, కొబ్బరికాయల కొట్టు, వాటి మధ్య అత్తరు అమ్మే పెద్దాయన. ఆయన నా మణికట్టు మీద ఒక చుక్క రాసి, అది ఆరేదాకా నన్ను కదలనీయకుండా తన మోకాళ్ళ నొప్పుల గురించి చెప్పాడు. హిందీ ఆయనకీ అంతంతే, నాకూ అంతంతే. నొప్పులు మాత్రం ఇద్దరికీ బాగా అర్థమయ్యాయి.

అక్కడే ఓ హోటల్లో మచ్బూస్ తిన్నాను. మన పలావుకు పెదనాన్న వరస. అందులో నల్లగా, గోలీకాయంత ఒకటి దొరికితే ఏ మాంసపు ముక్కో అనుకుని కొరికాను. అది ఎండబెట్టిన నిమ్మకాయ. మనం నిమ్మకాయని ఉప్పులో ఊరేస్తాం, వాళ్ళు ఎండలో నల్లబడేదాకా ఎండేస్తారు. దవడ ఇంకా అటూ ఇటూ లాగుతున్నట్టే ఉంది.

తుబ్లీ

ఇక పని. తుబ్లీలో వర్క్‌షాపుల వీధి ఒకటుంది. డేవిడ్ రాజుకు తెలిసిన అస్లం భాయ్ అక్కడ లేతు మిషను నడుపుతాడు. పాకిస్తానీ, ఏ పని చేస్తున్నా టీ చల్లారనివ్వడు. గంటని చూసి తిప్పి తిప్పి నవ్వుతూ, దీనికి లోపలి నుంచి క్షవరం చేయాలా అని అడిగాడు.

అంతకుముందు పొద్దున చర్చికి వెళ్ళాను, పాత గంటల్లో ఒకటి దింపించి తెచ్చుకుందామని. హాలు చూసుకునే మలయాళీ, అందరూ వర్గీస్ చేట్టన్, అంటే వర్గీస్ అన్న అని పిలిచే ఆయన, దింపొచ్చు గాని అన్ని భాషలవాళ్ళ సొమ్ము కనుక కమిటీలో ఒకరిని అడగాలి, నిచ్చెన తెప్పించాలి, సాయంత్రం రండి అన్నాడు. సాయంత్రందాకా ఎవరు కూర్చుంటారు? హాల్లో మూల బీరువాలో తెలుగువాళ్ళ కీబోర్డు కనిపించింది. స అంటే ఎక్కడైనా స కదా అనుకున్నాను. దాన్ని చంకన పెట్టుకుని తుబ్లీ వచ్చేశాను.

సత్యం చెప్పిన మాట గుర్తు రాలేదని అనను. వచ్చింది. వచ్చినప్పుడు చిరాకేసింది కూడా.

కీబోర్డు మీద స నొక్కుతూ, గంట మోగిస్తూ, అస్లం భాయ్ చేత లోపల జుట్టు మందాన తీయిస్తూ మధ్యాహ్నమంతా గడిపాను. గంటలో ఒక్క స్వరం ఉండదు. పెదవి అనే కింది అంచుది ఒకటి, నడుముది ఒకటి, మోగడం ఆగిపోయాక కూడా కింద గొణుగుతూ ఉండేది ఇంకొకటి. వాటిని రాజీ పెట్టాలి. బంగారంలాంటి రజను మిషను కింద పోగుపడింది. గంట దిగుతూ దిగుతూ వచ్చి కీబోర్డుతో కలిసిపోయింది. పెదనాన్న ఉండుంటే భుజం తట్టేవాడనుకున్నాను. అస్లం భాయ్‌కి టీ ఇప్పించాను.

గురువారం సాయంత్రం

మర్నాడు సాయంత్రం డేవిడ్ రాజు నిచ్చెనెక్కి గంట బిగించాడు. వర్గీస్ చేట్టన్ నిచ్చెన పట్టుకున్నాడు. మరియమ్మ ఊరికి తీసుకెళ్ళే సామాను కొనుక్కోవడానికి బయటికొచ్చి, సంచులతోనే అక్కడికి వచ్చింది. నేనే తాళ్ళు అందుకుని కింది స లాగాను. పై స లాగాను.

కలవలేదు. ఒళ్ళు జలదరించేంత తేడా. మళ్ళీ లాగాను. ముగ్గురూ నా ముఖం చూస్తున్నారు, పెనుగొండ నుంచి విమానంలో వచ్చిన పెద్దమనిషి ముఖం. ఆలోచించకముందే నోరు లేచింది. పాత గంటలకి శ్రుతి పోయిందన్నాను. సముద్రపు ఉప్పుగాలి, ఎండ, అసలు పోతలోనే లోపం ఉండి ఉండొచ్చు అన్నాను.

"ఏడూ ఒకేలా తప్పాయాండి?" అంది మరియమ్మ.

"ఏడూ ఒకే చేతి పోత కదమ్మా."

ఆ చెయ్యి పెదనాన్నది. నాకు అన్నం పెట్టిన చెయ్యి.

వాళ్ళు నమ్మారు. పెద్దవాణ్ణి కదా, ఎందుకు నమ్మరు? ఏడు గంటలూ దింపి తొలిపించాలంటే కమిటీ ఒప్పుకోవాలని డేవిడ్ రాజు ఫోను తీశాడు. అది రేపటికి అయ్యే పని కాదని మరియమ్మకి అర్థమైంది. సంచులు గోడవారకి జరుపుకుని వాటి పక్కన కూర్చుంది.

అప్పుడే డ్యూటీ దిగి, ఆరాధనలో కీబోర్డు వాయించే సుధాకర్ వచ్చాడు, దాన్ని పట్టుకుపోవడానికి. జగిత్యాల మనిషి, సూపర్‌మార్కెట్లో పని, గల్ఫు మొత్తాన్నీ దుబాయనే అంటాడు. దానితో గంట శ్రుతి చేశానని నేను చెబితే వైరు చుట్టడం ఆపాడు.

"దీన్ని సూసి చేసిండ్రా సార్? ఇది అర శ్రుతి కిందికి ఉంటది గదా. పాటలు పాడే మరియమ్మక్క గొంతుకు అందాలని గట్ల పెట్టిన. నేను దుబాయి వచ్చినకాడి నుంచి అదే సెట్టింగు."

కీబోర్డు మీద ఓ మూల చిన్న అద్దంలో శ్రుతి దించినట్టు చూపే అంకె కనిపిస్తూనే ఉంది. తుబ్లీలో కూడా కనిపించే ఉంటుంది. గంటలూ కీబోర్డూ ఎప్పుడూ కలిసి మోగవు గనుక ఆ తేడా ఇన్నేళ్ళూ ఎవరి చెవినీ పడలేదు. నేను తొలిపించిన గంట అర శ్రుతి కింద ఉంది. తొలిచిన కంచు తిరిగి అతకదు.

సుధాకర్ ఆ మాట నాతోనే అన్నాడు. మిగతావాళ్ళు వరండా ఆ చివరనున్నారు. ఒక్క నిమిషం నా బుద్ధి ఎంత చురుగ్గా పనిచేసిందో చెబితే నాకే సిగ్గు. ఏడింటినీ కిందికి దింపితే నా గంటతో కలుస్తాయి, కీబోర్డుతోనూ కలుస్తాయి, అందరూ మెచ్చుకుంటారు, తప్పు పెదనాన్నది, ఆయన వచ్చి అడగడు. పాఠం చెప్పే రోజుల్లో పిల్లవాడు అడిగినదానికి జవాబు తెలియనప్పుడు కూడా నాకు ఇలాంటి తెలివే పుట్టేది.

మరియమ్మ సంచిలోంచి ఏదో ఆటబొమ్మ తీసి, దాని కీ తిప్పి చూసుకుని మళ్ళీ లోపల పెట్టింది. వెళ్ళి ఆవిడ ఎదురుగా చతికిలబడ్డాను.

"అమ్మా, పాతవి సరిగ్గానే ఉన్నాయి. నా గంటే తప్పు. అడ్డదారిలో చేసి పాడుచేశాను. పాడుచేసి మా పెదనాన్న మీద పెట్టాను."

ఆవిడ నన్ను తిట్టలేదు, ఓదార్చలేదు. "మరి బాగవుద్దాండీ?" అంది.

డేవిడ్ రాజు ఫోను చెవిన ఉండగానే నా మాట విన్నాడు. అవతల కమిటీ పెద్దతో "ఏం లేదు సార్, ఖలాస్, అయిపోయింది" అని పెట్టేశాడు. తర్వాత నా వైపు తిరిగి, "మాస్టారూ, ఆయన అప్పుడే ఒప్పేసుకున్నాడండి. ఇంకాస్త ఆలస్యమైతే ఏడూ నున్నగా గీసేద్దుము" అన్నాడు. వర్గీస్ చేట్టన్‌కి తెలుగు రాదు. ఏం జరిగిందో ఎవరో హిందీలో చెప్పగానే అడగకుండానే వెళ్ళి నిచ్చెన మళ్ళీ వేశాడు.

మళ్ళీ తుబ్లీ

దారి ఒకటుంది, అందమైనది కాదు. పెదవి అంచు కోస్తే గంట పొట్టిదై స్వరం పైకెక్కుతుంది. కాని గంట కంఠమంతా పెదవిలోనే ఉంటుంది. పెదనాన్న ఆ పని చేయడానికి ఒప్పుకునేవాడు కాదు, కరిగించి మళ్ళీ పోసేవాడు. మాకు అంత వ్యవధి లేదు.

శుక్రవారం వర్క్‌షాపులు తెరవరు. డేవిడ్ రాజు అడిగితే అస్లం భాయ్ జుమ్మా నమాజుకి వెళ్ళేలోపల చేసిస్తానన్నాడు. ఈసారి వర్గీస్ చేట్టన్ కింది స దింపించి ఇచ్చాడు. చివరి శుక్రవారమని మరియమ్మని వాళ్ళ మేడం పొద్దున్నే వదిలింది. కారులో వెనక కూర్చుని ఆ బిందెంత గంటని దారంతా ఒళ్ళోనే పెట్టుకుంది. గతుకు వచ్చినప్పుడల్లా నాలుక మోగకుండా లోపలికి చెయ్యి పెట్టి పట్టుకుంది.

అస్లం భాయ్ తెల్లటి నమాజు బట్టల మీద నీలం కోటు తొడుక్కుని వచ్చాడు. మొన్న క్షవరం, ఇవాళ పెదవి కోతా, ఈ గంట మీకేం అపకారం చేసింది మాస్టర్‌జీ అన్నాడు. పాత గంటని మోకుతో వేలాడదీశాం. అంచు కొంచెం కోయడం, మోగించడం, పాతదానితో వినడం. కింది స ఆగాక కూడా పై స దానిలోంచే వస్తున్నట్టు వినపడాలి. అలా వినపడేదాకా అస్లం భాయ్ టీ తాగలేదు. చివరి మెరుగు నేనే ఆకురాయితో పెట్టాను. కలిసింది. గరుగ్గా, గొంతు పట్టినవాడు పాడినట్టు ఉంది, కాని కలిసింది.

మసీదు నుంచి పిలుపు వచ్చింది. అస్లం భాయ్ కోటు విప్పేసి చేతులు కడుక్కుంటూ, మీ పాట బాగా జరగాలి అని వెళ్ళిపోయాడు.

ఎనిమిది

మధ్యాహ్నం, దింపిన గంటల్ని మళ్ళీ బిగించేసరికి హాలు నిండింది. గంటల ముందు నన్ను నాలుగు మాటలు చెప్పమన్నారు. సాక్ష్యం చెప్పడం వాళ్ళకి అలవాటు, నాకు కాదు. ఏడు గంటలూ మా పెదనాన్న పోసినవి, ఒక్కటీ తప్పు లేదు, ఎనిమిదోది మా తమ్ముడు బాగానే పోస్తే నేను పాడుచేసి అతుకుబొంత పని చేశాను, దాని గరుకు నాదే అన్నాను. వెనక వరసలో ఎవరో "ఆమెన్" అన్నారు. దేనికన్నారో తెలియదు.

మరియమ్మ తాళ్ళందుకుంది. కింది స మోగింది. మెట్టు మెట్టుగా ఎక్కుతూ చరణం చివరికి వచ్చింది. ఏడో గంట మోగింది. ఆవిడ చెయ్యి ఎనిమిదో తాడు మీద పడింది, లాగింది.

"టంగ్" అన్నారు అందరూ.

అలవాటు. అంతమంది గొంతుల కింద గంట మోగిందో లేదో ఎవరికీ వినపడలేదు. నాకూ వినపడలేదు. అప్పుడు హాలంతా ఒకరి ముఖాలొకరు చూసుకుని నవ్వారు. డేవిడ్ రాజు నెత్తి కొట్టుకున్నాడు. సుధాకర్ కీబోర్డు మీద తల వాల్చి నవ్వుతున్నాడు. మరియమ్మ మాత్రం నవ్వలేదు. తాడు వదలకుండానే వెనక్కి తిరిగింది.

"ఇన్నాళ్ళూ మీరే మోగారు కదండీ. ఈ ఒక్కసారికీ దాన్ని మోగనివ్వండి."

మళ్ళీ మొదటి నుంచి ఎత్తుకుంది. ఈసారి చంటిపిల్లల తల్లులు పిల్లల నోటికి కూడా చెయ్యి అడ్డం పెట్టారు. ఏడో గంట మోగి, తర్వాత ఎనిమిదోది మోగింది. గరుగ్గా, చిన్నగా, సరిగ్గా తన చోట. తల వంచుకుని అది పూర్తిగా ఆగేదాకా విన్నాను.

పాట ప్రకారం మరియమ్మ అక్కడి నుంచి రెండో చరణానికి దిగాలి. దిగలేదు. చేతిలో ఉన్న తాడునే ఇంకోసారి లాగింది.